ఒకే అమ్మ బిడ్డలం

మార్చి 4, సోమవారం

పేరు ఇచ్చేశాను. ఇచ్చి బయటికి వచ్చినప్పటి నుంచీ కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

పొద్దున షాపులో రేడియో చెప్పింది. యూనివర్సిటీవాళ్ళు కళ్ళ మీద స్టడీ చేస్తున్నారట. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోయినవాళ్ళ కొడుకులూ కూతుళ్ళూ, ముప్పై అయిదు దాటినవాళ్ళు, తమంతట తాము ముందుకు రావాలట. మా భాషలోకి వచ్చేసరికి ఆ మాట కాస్తా 'తమను తాము ఇచ్చుకునే మనుషులు కావాలి' అయి కూర్చుంది. నా చేతికింద జడలు వేయించుకుంటున్నావిడ తల కదపకుండానే, "ఇచ్చుకోవడానికేం, ఇచ్చుకుంటాం. కన్యాశుల్కం ఆవుల్నెవరు తోలుకొస్తారో అది చెప్పమను" అంది. షాపంతా పగలబడి నవ్వారు. షాపు యజమాని రిస్పా అయితే కళ్ళు తుడుచుకుంది. నాకు నవ్వు రాలేదు.

అమ్మకి అలాగే పోయింది చూపు. ముందు పక్కలు పోయాయి. తర్వాత గొట్టంలోంచి చూస్తున్నట్టుందే అనేది. తర్వాత ఆ గొట్టం కూడా మూసుకుపోయింది. మనిషి పోయి రెండేళ్ళు కావస్తోంది.

నా కళ్ళకి ఏదో అవుతోంది. సాయంత్రం లైట్ల చుట్టూ రంగులు కనిపిస్తున్నాయి. సన్న జడ అల్లేటప్పుడు వెంట్రుక తప్పిపోతోంది. రిస్పాతో అంటే, "నలభై దాటాక అందరికీ తప్పిపోతుందే, కళ్ళద్దాలు కొనుక్కో, చావు కబురు చెప్పకు" అంది.

మార్చి 6, బుధవారం

కళ్ళు చూశారు. వచ్చేవారం కబురు చెబుతారట. వారం ఎలా గడపను.

ప్రశ్నలడిగిన పిల్ల పేరు కెండి. ఎక్కడో మేరు జిల్లా వైపు పిల్ల. మా ఊరు కీసుము వచ్చి ఏడాది కూడా కాలేదట. ముద్దుగా మాట్లాడుతుంది, ప్రతి మాటకీ 'అమ్మా' అంటుంది.

"మీ అమ్మగారికి ఈ జబ్బుందా అమ్మా?"

"ఉండేది. రెండు కళ్ళూ పోయాయి."

"ఆవిడ కూతురే కదా మీరు?"

"మరి ఎవరి కూతురనుకున్నావు?"

"ఆవిడ పిల్లలు మొత్తం ఎంతమంది?"

"ఇంటి నిండా ఉన్నాం."

"ఇంటి నిండా అని రాయలేనమ్మా, అంకె చెప్పాలి."

పిల్లల్ని లెక్కపెట్టి చెప్పడం మావాళ్ళకి గిట్టదు. అయినా దాని మొహం చూసి జాలేసి చెప్పాను. ఏడుగురం అన్నాను.

తర్వాత ఒక పెట్టె ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఆనించి ఎదురుగా చూస్తుండాలి. పక్కల్లో ఎక్కడో చుక్క వెలుగుతుంది. వెలిగినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి. చెమటలు పట్టేశాయి. ఒక్క చుక్క వదిలేస్తే కళ్ళు పోయినట్టే అన్నంత కంగారు. కాసేపయ్యాక కెండి భుజం తట్టి, "అమ్మా, మీరు లేని చుక్కలకి కూడా నొక్కేస్తున్నారు. కనిపించినప్పుడే నొక్కండి" అంది. మళ్ళీ మొదటినుంచి చేయించారు.

కంట్లో వేసిన మందుకి ఎండ పొడుచుకొచ్చింది. గోడలు పట్టుకుని ఇంటికి చేరాను. అమ్మ ఇలాగే నడిచేది.

మార్చి 7, గురువారం

ఒక కన్ను మూసి చూశాను. బాగానే ఉంది. మళ్ళీ చూశాను. బాగాలేదు.

మార్చి 9, శనివారం

అవీనో అక్క వచ్చింది. కిరాయికి నడిపే టుక్‌టుక్ ఆటో ఆపిన చప్పుడుకే తెలుస్తుంది అది వచ్చిందని. ఈమధ్య అరుగుకి గుద్దిగానీ ఆపడం లేదు. ఎడమవైపు అద్దం మళ్ళీ పగిలింది. కిబూయే మార్కెట్ దగ్గర ఎవడో బోడావాడు కిరాయి మోటార్‌సైకిల్ మీద దూసుకొచ్చి తగిలించి పోయాడట. ఈ ఊళ్ళో బోడావాళ్ళందరికీ దాని అద్దం మీదే కన్ను.

మొక్కజొన్న పిండి ఉగాలీ, చిన్నచేపల కూర పెట్టాను. తింటూ తింటూ మోచేత్తో నీళ్ళ గ్లాసు పడగొట్టింది.

"గ్లాసు అక్కడ పెడతారటే ఎవరైనా? మనిషన్నాక బుద్ధుండాలి."

"నీ చేతి పక్కనే పెట్టానక్కా."

"పక్కనే పెట్టావు. ఎదురుగా పెట్టలేవూ?"

దాని నోరు చిన్నప్పటి నుంచీ అంతే. నన్ను వీపున కట్టుకుని పెంచింది కాబట్టి తిట్టే హక్కు ఉందంటుంది. ఉంది మరి.

స్టడీ గురించి చెప్పాను. నువ్వు కూడా రా, ఇద్దరం వెళ్దాం, అక్కచెల్లెళ్ళని కూడా తీసుకురమ్మన్నారు అన్నాను. తినే చెయ్యి ఆగిపోయింది.

"నీ కళ్ళు నువ్వు చూపించుకో. నా కళ్ళు నా మొహాన ఉండనీ."

"చూపిస్తే తీసేసుకుంటారా?"

"తీసుకునేది కళ్ళు కాదే, లైసెన్సు. పనీపాటా లేనివాళ్ళకి ఈ చూపించుకోడాలు. నాకు పొద్దున లేస్తే స్టాండులో బోలెడు పని."

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. టుక్‌టుక్ మళ్ళీ అరుగుకి రాసుకుంది.

మార్చి 12, మంగళవారం

రిస్పా మొహం చూడను. రేపు షాపుకి పోను.

చేసిందేమిటంటే, నేను అద్దం ముందు ఒక కన్ను మూసుకుని నిలబడితే, "ఎందుకే ఆ భయం, నీకెలా వస్తుంది? అది రక్తంలో వచ్చే జబ్బు. ఆవిడ నిన్ను కనలేదుగా" అంది. అందరూ వింటుండగా అంది. దువ్వెన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

కనలేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకు తెలియదా. మా నాన్నకి ఇద్దరు భార్యలు. అమ్మ పెద్ద భార్య, మా భాషలో మికాయీ. ఆమె ఇల్లు గేటుకి ఎదురుగా, చిన్నావిడ ఇల్లు ఓ పక్కన. చిన్నావిడకి నొప్పులొచ్చింది అమ్మ ఇంటి వసారాలో. నేను పడింది అమ్మ చేతుల్లోనే. అందుకే అగోలా అని పేరు పెట్టారు. వసారాలో పుట్టినదాన్ని. నేను పాలు మానకముందే ఆవిడ వేరే మనిషితో సరిహద్దు దాటి ముసోమా వెళ్ళిపోయింది. ఆవిడ మొహం నాకు తెలియదు, తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

'కన్నది', 'కననిది' అన్న మాట ఈ గేటు లోపల వినపడకూడదని అమ్మ ఆన. ఒకసారి పెద్దన్నయ్య చేప ముక్క దగ్గర తగువొచ్చి నన్ను 'ఆ ఇంటి పిల్ల' అన్నాడు. అమ్మ వాడి ముందు నుంచి పళ్ళెం తీసేసి కుక్కకి పెట్టింది. ఆ రోజు నుంచి ఆమె పోయేదాకా ఆ మాట మళ్ళీ వినలేదు. ఆమె పోయినప్పుడు కూతుళ్ళందరితో పాటు నా తలా గొరిగించారు. అవీనో అక్కే నన్ను చెయ్యి పట్టుకుని ముందు కూర్చోబెట్టింది.

అటువంటప్పుడు ఆ కెండి 'మీ అమ్మకి జబ్బుందా' అని అడిగితే ఏమని చెప్పాలి? అబద్ధం ఏం చెప్పాను? ఆమె వండింది తిని ఆమె పక్కలో పడుకుని పెరిగాను. రాకూడదని ఏముంది. ఎవరికి తెలుసు ఏది ఎలా వస్తుందో.

మార్చి 15, శుక్రవారం

కళ్ళు శుభ్రంగా ఉన్నాయట. చత్వారం తప్ప ఏమీ లేదట.

సంతోషించాలి కదా. కుర్చీలో కూర్చుని ఏడ్చాను. కెండి సంతోషం అనుకుంది.

దాని హడావిడి చూడాలి. "తల్లికి రెండు కళ్ళూ పోయి, మీకు ఈ వయసులో ఒక్క మచ్చ కూడా లేదంటే ఇది మామూలు విషయం కాదమ్మా. మీ ఒంట్లో ఏదో అడ్డుపడుతోంది. అదేమిటో తెలిస్తే ఎంతమందికి మేలో. మా సారు మిమ్మల్ని స్వయంగా చూస్తానన్నారు" అంది. ఆ సారు వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. జడలు వేసి బతికేదానికి ప్రొఫెసరు షేక్‌హ్యాండ్. మీలాంటివాళ్ళ కోసమే వెతుకుతున్నాం అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఏమని? ఆమె మా అమ్మ కాదనా? ఆ మాట నా నోటితో నేనే అననా? కన్నకొడుకు మాటకి అడ్డు నిలబడి నన్ను పెంచిన మనిషిని, చచ్చిపోయి జవాబు చెప్పుకోలేని మనిషిని?

అమ్మే అడ్డుపడి ఉంటుంది. అది కూడా రాసుకోమనాల్సింది.

మార్చి 16, శనివారం

అక్కకి చెప్పాను. ఎప్పుడూ లేనిది నన్ను గట్టిగా కౌగిలించుకుంది.

"చూశావా? నేను చెప్పలేదూ? ఒకే అమ్మ బిడ్డలం. నీకు లేదంటే నాకూ లేదు."

సరస్సు ఒడ్డుకి తీసుకెళ్ళి వేయించిన పెద్ద చేప ఇప్పించింది. నవ్వింది, పాడింది, పక్క బల్లవాళ్ళతో జగడమాడి మళ్ళీ నవ్వింది. ఇన్నాళ్ళూ ఏదో మోస్తూ తిరిగినట్టు, ఇవాళ దించుకున్నట్టు కనిపించింది. దేన్ని మోస్తోందో నేను అడగలేదు. ఒకే అమ్మ బిడ్డలం అన్న మాట నాలుగైదుసార్లు అంది. నా కడుపు చల్లబడింది.

మార్చి 20, బుధవారం

కెండి ఫోన్. రక్తం ఇవ్వాలట. ఇస్తానన్నాను. వెళ్ళలేదు.

మార్చి 24, ఆదివారం

మట్టల ఆదివారం. చర్చి నుంచి అక్క టుక్‌టుక్‌లో వస్తున్నాం. నేను వెనక ఎడమవైపు కూర్చున్నాను. పక్కనే ఒకాయన నీళ్ళ డబ్బాల తోపుడుబండి నెట్టుకుంటూ వస్తున్నాడు. మలుపు దగ్గర నుంచీ ఆయన్నే చూస్తున్నాను. బండి కమ్మీకి తాటిమట్ట కట్టుకున్నాడు, ఆయన కూడా చర్చికి వెళ్ళొచ్చాడేమో అనుకున్నాను. అక్క ఎడమకి తిప్పేసింది. ఆయన లేనట్టే తిప్పేసింది.

బండి తిరగబడింది, డబ్బాలు రోడ్డంతా దొర్లాయి. ఆయన మోకాలు చీరుకుపోయింది. దేవుడి దయ, అంతకంటే ఏమీ కాలేదు. జనం మూగారు. అక్క దిగి, "ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావయ్యా నువ్వు? ఆకాశంలోంచా?" అని అరుస్తోంది.

"ఊడిపడ్డానా? ఇంతసేపూ నీ పక్కనే ఉన్నానమ్మా" అన్నాడాయన. కోపం కూడా లేదు ఆయన గొంతులో. ఆశ్చర్యం ఉంది.

అక్క ఆయన వైపు చూడడానికి తల మొత్తం తిప్పింది. కళ్ళు కాదు, తల. అమ్మ అలాగే తిప్పేది.

అప్పుడు అర్థమైంది నాకు. అద్దం, గ్లాసు, అరుగు. వారాల తరబడి నా కళ్ళు నేను పొడుచుకుని చూసుకుంటున్నాను. పక్కనున్న మనిషి కళ్ళు చూడలేదు. నా అంత గుడ్డిది ఇంకొకతి ఉంటుందా.

మార్చి 25, సోమవారం

అక్క ఇంటికి వెళ్ళాను. బతిమాలాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను.

"నీకు లేదుగా, నాకెందుకుంటుంది?" అంది.

"ఒక్కో బిడ్డది ఒక్కో దారట. కెండిని అడిగాను. ఒకరికి లేకపోయినా ఇంకొకరికి ఉండొచ్చట."

"ఆ పిల్ల జీతం కోసం అంటుంది. నాకు నీ కళ్ళు సాక్ష్యం. మనిద్దరం ఒకే పొయ్యి దగ్గర పెరిగాం."

"నిన్న ఆయన నీకు కనిపించలేదక్కా."

"ఎండ కంట్లో పడింది."

"ఎండ మన వెనక ఉంది."

"పోవే ఇక. ప్రొఫెసరు చెయ్యి పట్టుకునేసరికి నువ్వే డాక్టరువైపోయావు."

మందు చుక్కలేసుకుంటే ఉన్న చూపు ఉన్నట్టు నిలబడుతుందని కెండి చెప్పింది. పోయింది తిరిగిరాదట. అమ్మకి ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు. అక్కకి నేనున్నాను. ఉండి ఏం చేస్తున్నాను.

దానికి తెలుసు. నేను వెళ్ళేసరికి వాకిట్లో నిలబడి ఒక కన్ను మూసి గేటు వైపు చూస్తోంది.

మార్చి 27, బుధవారం

నా కళ్ళ చాటున దాక్కుంటోంది. నేను దాని అమ్మ చాటున దాక్కున్నాను. ఒక్క మాటతో తేలిపోతుంది. ఒక్క మాట.

రేపు.

మార్చి 28, గురువారం

పెద్దన్నయ్య చేత చెప్పిద్దామా అని ఆలోచించాను. వాడు చెబితే అది వినదు. ఉత్తరం రాద్దామనుకున్నాను. ఎవరూ చెప్పకుండా దానంతటదే చూపించుకోడానికి వెళ్తుందేమో అని కూడా అనుకున్నాను. షాపులో ఒకావిడకి జడలు అడ్డదిడ్డంగా వేసి మళ్ళీ విప్పాను. రిస్పా వచ్చి పక్కన కూర్చుని తనూ విప్పింది. తిడితే బాగుండేది.

మార్చి 29, శుక్రవారం

అన్నాను.

మధ్యాహ్నం వెళ్ళాను. టుక్‌టుక్ కడుగుతోంది. రేపు చర్చి పిల్లల్ని సరస్సు దగ్గరికి తీసుకెళ్తుందట, ఈస్టర్ కదా. ఎంతమంది అంటే, "పట్టినంతమంది, ఒళ్ళో ఒకళ్ళు" అంది.

"తీసుకెళ్ళకు అక్కా."

"మళ్ళీ మొదలెట్టావా? నీకు లేదు, నాకు లేదు. ఒకే అమ్మ..."

"ఆమె నన్ను కనలేదు."

గుడ్డ పిండుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మళ్ళీ అను."

"ఆమె నన్ను కనలేదక్కా. నిన్ను కంది. నా కళ్ళు ముసోమాలో ఉన్న ఆడదాని కళ్ళు. వాటికి ఏమీ లేకపోతే నీకేం సంబంధం? నీవి అమ్మ కళ్ళు."

గుడ్డలోంచి నీళ్ళు కారి దాని కాళ్ళ మీద పడుతున్నాయి. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"అన్నయ్య అంటే అమ్మ వాడి కూడు కుక్కకి పెట్టింది" అంది నెమ్మదిగా. "నీకోసం. చచ్చేదాకా ఆ మాట ఎవర్నీ అననివ్వలేదు. ఇవాళ నువ్వే అన్నావు."

"నీ కళ్ళ కోసం అన్నానక్కా."

"అక్క ఎవరు? ఎవరికి?"

గుడ్డ బకెట్లో పడేసి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. వాకిట్లో నిలబడ్డాను. వాన మొదలయ్యాక వచ్చేశాను.

మార్చి 30, శనివారం

చర్చి ముందు నిలబడి చూశాను. పిల్లలు పాడుకుంటూ నడిచి వెళ్ళారు. అక్క ఇంటి మీదుగా తిరిగి వచ్చాను. టుక్‌టుక్ వాకిట్లోనే ఉంది.

ఏప్రిల్ 3, బుధవారం

కెండికి నిజం చెప్పేశాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. నా మీద కోపమేమో అనుకున్నాను. కాదు.

"తప్పు నాదమ్మా. కన్నతల్లా అని అడగాల్సింది. అడగడం రాలేదు నాకు."

"అలా అడిగితే మావాళ్ళు నిన్ను తరిమికొడతారు."

"మరి ఎలా అడగాలి?"

ఇద్దరం కూర్చుని కాసేపు ఆలోచించాం. ఎవరి వసారాలో పుట్టారని అడగమందామనుకుని నాకే నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. ఆ పిల్ల టీ తెప్పించింది.

నన్ను స్టడీలోంచి తీసేయాలట. ఆవిడ సంతానంలోంచి మీ పేరు తీసేస్తానమ్మా అంది. దాని భాషలో అది లెక్క సరిచేయడం. తీసెయ్యి అన్నాను.

అక్క పేరూ ఫోన్ నంబరూ ఇస్తానంటే తీసుకోలేదు. "ఎవరికి వాళ్ళు రావాలమ్మా. మేము వెంటపడకూడదు" అంది. మర్యాద తెలిసిన పిల్ల. మర్యాదతో ఏం చేసుకోను.

ఏప్రిల్ 5, శుక్రవారం

అక్కకి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి కట్టేసి ఉంది. చేపలు తీసుకెళ్ళి గేటుకి తగిలించి వచ్చాను. సాయంత్రం చూస్తే అక్కడే ఉన్నాయి, పిల్లులు చుట్టూ తిరుగుతున్నాయి.

ఏప్రిల్ 9, మంగళవారం

వెళ్ళింది. అక్క వెళ్ళింది.

కెండి ఫోన్ చేసింది. ఇది చెప్పకూడదమ్మా, ఇంతకుమించి ఒక్క ముక్క అడగొద్దు అని ముందే మాట తీసుకుంది. "ఒకావిడ వచ్చారు. ఈ స్టడీ గురించి ఎవరు చెప్పారని అందరినీ అడుగుతాం కదా, అలాగే అడిగాను. 'జడలు వేసే ఆడది ఎవరో చెప్పింది' అన్నారు. మీరేమో అనుకున్నాను."

"నేనే" అన్నాను.

జడలు వేసే ఆడది ఎవరో.

ఏప్రిల్ 12, శుక్రవారం

మిగతాది రిస్పా చెప్పింది. అక్క పక్కింటావిడ జడలకి వస్తే ఆరా తీసిందట. ఎడమ కన్ను చాలావరకు పోయిందట, కుడిది సగం మిగిలిందట. పొద్దునా సాయంత్రమూ చుక్కలు వేసుకోవాలట బతికినంతకాలం. ఉన్నది నిలబడుతుందని ఆ డాక్టరు గట్టిగానే చెప్పాడట. టుక్‌టుక్‌కి డ్రైవరుని పెట్టుకుంటుందట. చుక్కలు తనే వేసుకుంటోందట, సగం చెంప మీదికి కారిపోతున్నా ఎవర్నీ చెయ్యి వేయనివ్వడం లేదట.

"ఇంకొన్నాళ్ళు పోనీ, మెత్తబడుతుంది" అంది రిస్పా. మెత్తబడదు. నాకు తెలుసు దాని సంగతి. అమ్మ కూతురు అది.

రిస్పా తన చేత్తో నాకు జడలు వేసింది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. లాగినప్పుడు నొప్పెడుతోందా అని అడిగింది. లేదన్నాను.

ఏప్రిల్ 17, బుధవారం

కిబూయేలో కనిపించింది.

సవరాలు కొనడానికి వెళ్ళాను. స్టాండు దగ్గర దాని టుక్‌టుక్ ఉంది, కొత్త అద్దం వేశారు. డ్రైవరు ఎవరో బేరమాడుతున్నాడు. అక్క అవతల చెప్పుల కొట్టు నీడలో స్టూలు మీద కూర్చుంది. చిక్కింది. నడుం మాత్రం నిటారుగా ఉంది. వేలికి చిన్న సంచి తగిలించుకుంది, మందు అందులో ఉంటుంది కాబోలు.

రోడ్డుకి ఇవతల నేను. మధ్యలో బస్సులు, తోపుడుబళ్ళు, ఉల్లిపాయల బస్తాలు, గొడుగులు, మనుషులు. ఎంతో మంది మనుషులు. చెయ్యి ఊపలేదు, పిలవలేదు. అలా నిలబడ్డాను, అంతే.

అక్క తల మెల్లగా తిప్పుతూ రోడ్డంతా వెతుకుతున్నట్టు చూసింది. నా దగ్గరికొచ్చి ఆగింది. అంత దూరాన, అంత జనంలో, సరిగ్గా నా మీదే ఆగింది. నన్ను పోల్చుకుంది. దవడ బిగుసుకోవడం నాకు తెలిసింది. తర్వాత మొహం తిప్పుకుంది.

నేను అక్కడే నిలబడిపోయాను. ఎవరో తోసుకుంటూ పోయారు, ఎవరో తిట్టారు. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. కొనాల్సినవి కొనకుండానే ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను.

మొహం తిప్పుకోవాలంటే ముందు మనిషి కనిపించాలి కదా.